పొగాకు బ్యారన్‌లో గ్రేస్ పెళ్లి

మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా తెలుగు ప్రార్థన కూటంవాళ్లు ఎవరు కనపడినా ఒకటే అడుగుతున్నారు: "సౌత్‌లో తెల్లవాళ్ల పెళ్లి చూసొచ్చారటగా, ఎలా జరిగిందండీ?" అడిగి, అంతలోనే మా అక్క సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకుంటున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను. మేం వెళ్లింది సెప్టెంబరు చివర. ఇప్పుడు మార్చి. అక్కను సమాధి చేసి మూడు వారాలైంది.

మా ఒంగోలు వైపు పుట్టినవాళ్లకి వర్జీనియా అంటే ఊరు కాదు, ఆకు. నాటు పొగాకు వేరు, వర్జీనియా వేరు. నాటుది ఎండలో ఎండుతుంది. వర్జీనియా ఆకుని పురికొసతో కర్రలకు కట్టి, బ్యారన్ అనే మూసిన కొట్టంలో వరసలు వరసలుగా వేలాడదీసి, కింద రేకు గొట్టాల్లోంచి వేడి పంపిస్తూ అయిదారు రోజులు కాలుస్తారు. మా అమ్మ ఆ ఆకు కట్టే కూలీ. అక్క సువార్తమ్మ పదేళ్లకే అమ్మ పక్కన కూర్చుంది. వర్జీనియా అనే పేరుతో భూమ్మీద ఒక చోటు కూడా ఉందని హైస్కూల్లో మ్యాపు చూసేదాకా నాకు తెలియదు.

నా ఎనిమిదో ఏట బ్యారన్ అంటుకుని అమ్మ పోయింది. అక్కకప్పుడు పదిహేను. మిషన్ ఆసుపత్రివాళ్లు చేరదీసి అక్కకు నర్సు చదువు చెప్పించారు. ఆ జీతంతో అక్క నన్ను చదివించింది. పెళ్లి చేసుకుంది, కొన్నాళ్లకే బావ పోయాడు. ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని మిషిగన్‌లో నర్సు ఉద్యోగానికి వచ్చింది. తర్వాత నన్నూ పిలిపించింది. కార్లకు వేసే పెయింటు పరీక్షించే ల్యాబ్‌లో నేను నిలదొక్కుకున్నానంటే అది అక్క చలవే. ఈ ముప్పై ఏడేళ్లలో అక్క మళ్లీ ఒక్క బ్యారన్ గడప తొక్కలేదు.

ఆ కూతురు గ్రేస్ పెళ్లే ఇది.

శుభలేఖ

గ్రేస్ వర్జీనియాలో స్కూల్ టీచరు. టామ్ అనే తోటి టీచరుని ఇష్టపడింది. టామ్ వాళ్లకి ఆ రాష్ట్రం దక్షిణపు కొసన పాత ఎస్టేట్ ఒకటుంది. దాని పేరు రాయను, ఆ ఇంటివాళ్లు మర్యాదస్తులు. శుభలేఖ మీద కొట్టం బొమ్మ ఒకటి గీసి ఉంది. పెళ్లి చర్చిలో కాదు, ఎస్టేట్‌లోని పొగాకు బ్యారన్‌లో అని కింద రాశారు.

అక్క దాన్ని రెండుసార్లు చదివి బైబిలు కింద పెట్టేసింది. "బ్యారన్‌లో పెళ్లేందిరా? ఆ ఊళ్లో చర్చీలన్నీ కూలిపోయినయ్యా?" అంది.

తప్పు గ్రేస్‌ది కాదు. చిన్నప్పుడు ఆ పిల్ల నిద్రపోవడానికి అక్క చెప్పిన కథలన్నీ బ్యారన్ కథలే. పచ్చి ఆకు వాసన, కూలీలు కట్టిన పాటలు, నిప్పు దగ్గర కాల్చుకు తిన్న చిలగడదుంపలు. అమ్మమ్మ మాత్రం జ్వరంతో పోయిందని చెప్పింది. నేను పక్కనే కూర్చుని వింటూ ఒక్కసారీ నోరు మెదపలేదు. పసిదానికి ఎందుకులే అనుకున్నాం. పసిది పెద్దదై, అమ్మకి ఎంతో ఇష్టమైన చోటని బ్యారన్‌నే వెతికి పట్టుకుంది.

అక్కకు అప్పటికే కడుపులో క్యాన్సర్. డాక్టరు క్రిస్మస్ దాకా అన్నాడు. గ్రేస్ ఫోన్లో, "మామయ్యా, అమ్మ ఫ్రంట్ రోలో కూర్చోవాలి. నువ్వే తీసుకురావాలి. ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను. అక్కని అడక్కుండానే అన్నాను. అక్క మాత్రం తెగేసి చెప్పింది: "ఎస్టేట్‌కి వస్తా. బ్యారన్‌లోకి రాను. బలవంతం చేస్తే దారిలోనే దిగిపోతా." అట్లా బయల్దేరాం.

ఒహాయో

మొదటి రోజంతా మొక్కజొన్న చేలు. ఎంత పోయినా అవే. అక్క పక్క సీట్లో బొమ్మలా నిటారుగా కూర్చుంది. ఆవిడ కార్లో నిద్రపోదు. ఆ మాటకొస్తే ఇంట్లోనూ సరిగ్గా పోదు. గ్యాస్ పొయ్యి ఆపామో లేదో చూడ్డానికి నాలుగుసార్లు లేస్తుంది. ఆవిడ ఇంట్లో కేకు మీద కొవ్వొత్తి వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఒక రెస్ట్ ఏరియాలో చెక్కబల్ల మీద పులిహోర విప్పాం. పక్క బల్ల దగ్గర ఓ ముసలాయన, ఆయన భార్య. మేం ఇండియన్లమని తెలిసి, ఆయన ఎంతో గౌరవంగా, మీది ఏ తెగ అని అడిగాడు. నేను తడబడ్డాను. అక్క తెలుగులో, "పొగాకు తెగ అని చెప్పరా" అంది. నేనూ మొహం చెదరకుండా ఇంగ్లీషులో అదే చెప్పాను. ఆయన విన్నట్టే ఉందని తలూపాడు. కారెక్కాక అక్క నవ్వింది. నవ్వితే కడుపులో నొప్పి వస్తుంది, అయినా నవ్వింది. ఈ ప్రయాణం మొత్తంలో నేను దాచుకున్నవాటిలో అదొకటి.

సాయంత్రానికి వెస్ట్ వర్జీనియాలో ఒక మోటెల్. గది ఇరవై రెండు డాలర్లు. గోడకున్న హీటరు ఎర్రబడగానే అక్క లేచి తీగ పీకేసింది. కొండచలి. నేను రెండు కోట్లు వేసుకుని పడుకున్నాను. అక్క కుర్చీలో కూర్చుని ఉండిపోయింది.

కొండలు దిగాక

రెండో రోజు పొద్దున టిఫిన్‌కి ఒక చిన్న హోటల్లో ఆగితే, అడక్కుండానే పళ్లెంలో తెల్లటి జావ ఒక గరిటెడు వేశారు. గ్రిట్స్ అంటారు. మొక్కజొన్న రవ్వని ఉడికించి వెన్న వేస్తారు. నోట్లో పెట్టుకుంటే జ్వరం నాటి జావే. అక్క తన సంచిలోంచి గోంగూర సీసా తీసి అంచుకు పెట్టుకుంది. వడ్డించే ఆవిడ చూసి తనకూ కాస్త పెట్టమంది, తిని కళ్లనీళ్లు పెట్టుకుంది, మళ్లీ పెట్టమంది. ఇలాంటి మనుషుల దగ్గర నాకు బెరుకు ఉండదు. సౌత్ అంటే మమ్మల్ని ఎలా చూస్తారోనని ట్రాయ్‌లో ఎంతమంది భయపెట్టారో! ఆ దారిలో మాకు తారసపడినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు కానీ చెడ్డగా చూడలేదు.

కొండలు దిగి వర్జీనియాలోకి వచ్చాక ఒక మలుపు తప్పాను. మట్టిరంగు ఎర్రబడింది. రోడ్డు పక్క ఒకతను పెద్ద డేగిసాలో వేరుశనగకాయలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. సంచి డాలరు. పచ్చి కాయని ఉప్పునీళ్లలో ఉడకబెట్టడం అచ్చంగా మనలాగే. పదిహేనేళ్లు మిషిగన్‌లో వేయించిన పల్లీలు నమిలి, వీళ్లకి ఇది తెలియదని నేను బాధపడ్డాను చూడండి! దారి అడిగితే అతనే చెప్పాడు. రెండు మైళ్లు పోయి, పొగాకు బ్యారన్లు కనపడగానే కుడికి తిరగమన్నాడు.

కనపడ్డాయి. దుంగలతో కట్టినవి, పైన రేకు కప్పు, పక్కన చిన్న వసారా. మావి ఇటుకవి, అంతే తేడా. అక్క "కారాపు" అంది. రోడ్డు వారగా ఆపాను. దిగలేదు. అద్దం దించి చాలాసేపు వాటినే చూసింది. వేరుశనగ సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కో కాయ వొలుస్తూ ఉంది. తినడం లేదు.

"ఆ రోజు అగ్గి ఎట్టా పుట్టిందిరా?" అంది.

"ఆకు రాలి గొట్టం మీద పడింది. అందరూ అదే కదా అన్నారు."

"ఎవరి కట్టు జారితే రాలిందో తెలుసా?"

నేను ఇంజను ఆపేశాను.

"ఆ పొద్దు గుడికాడ కొత్త పాట నేర్పుతామన్నారు. నాకు తొందర. ఆఖరి నాలుగు కర్రలు వదులుగా కట్టా. అమ్మ చెయ్యిపెట్టి చూసి, మళ్లీ కట్టవే అంది. కట్టానమ్మా అని చెప్పా. కట్టలా." ఇంకో కాయ వొలిచింది. "నిప్పంటుకున్నాక ఆసామి అరుస్తా ఉన్నాడు, ఎవరి కర్రలే ఇవి అని. అమ్మ లోపలికి పోయింది. అందరూ ఆకు కోసం పోయిందనుకున్నారు. నా కర్రలు లాగేయడానికి పోయింది, చిన్నోడా. తప్పు నా మీదికి రాకుండా."

నాకు నలభై అయిదేళ్లు. అమ్మ ఎలా పోయిందో నాకు మొత్తం తెలుసనుకుంటూ నలభై అయిదేళ్లవాణ్ణయ్యాను. అక్క మీద జాలి తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. నన్ను పెంచుతూ, నాకు చొక్కాలు కుడుతూ, పరీక్ష ఫీజులు కడుతూ, ఇది ఒక్కతే ఎలా మోసిందని. "కాయలు తినక్కా, చల్లారిపోతాయి" అన్నాను. అంతకంటే చవట మాట నా జన్మలో అని ఉండను.

ఎస్టేట్

ఎస్టేట్ ఇల్లు నిజంగా అందమైనది. తెల్లటి స్తంభాలు, నిలువెత్తు కిటికీలు, గుమ్మం దాకా రెండు వైపులా సీడర్ చెట్లు. వంటిల్లు విడిగా ఇటుకతో కట్టి ఉంది. మన పాత ఇళ్లలోనూ వంటశాల విడిగానే ఉండేది కదా అనిపించింది. ఇంటి వెనక కంచె వేసిన సమాధులు, పాలరాతివి, వాళ్ల పూర్వీకులవి. ఇంకాస్త దూరంలో వరసగా చిన్న చిన్న గుడిసెలు. ఒకప్పుడు బానిసలు ఉన్నవి. మూడింటిని బాగుచేసి, అతిథులకు వాడుతున్నారు. మాకు ఇచ్చింది అందులో ఒకటి. పరుపు, కర్టెన్లు, గులాబీలు పెట్టిన గాజు కూజా, ఏ లోటూ చేయలేదు.

అక్క గది చుట్టూ చూసి, "ఎన్ని సముద్రాలు దాటినా మనల్ని ఊళ్లో కాదు, ఊరి బయట పల్లెలోనే పెట్టార్రా" అంది.

దుప్పట్లు తెచ్చినావిడ మిస్ ఎడ్నా. డెబ్బై దాటిన నల్లజాతి ముసలావిడ, పెళ్లి వంటకు ఆవిడే పెద్ద. అక్క ఏమందో చెప్పమని పట్టుబట్టింది. చెప్పాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, "మా అమ్మమ్మ ఈ గదిలోనే పుట్టింది. చూరు కారితే నాకు చెప్పండి, దాని సంగతి నాకు తెలుసు" అంది. తర్వాత అక్క అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. చూపుడువేలు మడత దగ్గర పురికొస కోసిన పాత గీత ఉంటుంది అక్కకి. ఎడ్నా తన వేలు పక్కన పెట్టి చూపించింది. అదే గీత. ఆవిడా ఆకు కట్టిన మనిషే.

గ్రేస్ పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మని కావలించుకుని, ఎంత చిక్కిపోయిందో చేతులకు తెలిసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. వెంటనే తేరుకుని, "రా అమ్మా, నీకు సర్ప్రైజ్" అని చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఆకు కాల్చే బ్యారన్లు చిన్నవి. పెళ్లి వాటి పక్కన, ఆకు నిల్వచేసే పెద్ద కొట్టంలో. అక్కడివాళ్లు దాన్నీ బ్యారన్ అనే అంటారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల గడ్డిమోపుల మీద తెల్లటి దుప్పట్లు పరిచి బెంచీల్లా వేశారు. పైకి చూస్తే వాసాల పొడవునా పొగాకు కర్రలు, రెండు వందలకు తక్కువ ఉండవు, పసుపు పచ్చటి ఆకు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ. వాటి కింద కిరోసిన్ లాంతర్లు, ఒక్కో వాసానికి మూడేసి.

"పక్క ఫార్మ్ వాళ్లు లీఫ్ ఇచ్చారు అమ్మా. నేను, టామ్ కట్టాం. నీ స్టోరీస్‌లో లాగే ఉందా?"

అక్క గడప దగ్గర ఆగిపోయింది. చెక్క పట్టుకుంది. "ఎండ తగిలింది. ఇక్కడ కూర్చుంటా" అని వసారాలో కూలబడింది. అక్కడ ఎడ్నా చిక్కుడుకాయలు వొలుస్తోంది. అక్క ఒక దోసెడు ఒళ్లోకి లాక్కుంది, ఇక ఆ పూటంతా తలెత్తలేదు.

లాంతర్లు

నేను తెలివి తక్కువ పని చేశాను. సాయంత్రం భోజనాల దగ్గర, టామ్ నాన్న నాకు వేయించిన బెండకాయ ముక్కలు వడ్డిస్తూ ఉండగా, ఆ లాంతర్లు తీయించండి అన్నాను. ఆయన మర్యాదగానే, "మా తాతల నాటి నుంచి ఆ కొట్టంలో లాంతర్లు వేలాడుతున్నాయండీ, ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నాడు.

"మీకు కాలేదు" అన్నాను. గొంతు పెరిగింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు.

గ్రేస్ నన్ను బయటికి తీసుకుపోయింది. "వై, మామయ్యా? లైట్స్ అన్నీ అట్లనే ప్లాన్ చేశాను. అమ్మ లోపలికి రావట్లేదు. నువ్వు అరుస్తావు. అంతా అమ్మ కోసమే కదా చేశాను! మీ ఇద్దరికీ టామ్ నచ్చలేదా? చెప్పు."

చెప్పాల్సింది నేనే. నోటిదాకా వచ్చింది. కానీ అది అక్క సొత్తు. ముప్పై ఏడేళ్లు దాచుకున్నదాన్ని నేనెలా విప్పను? "టామ్ బంగారంలాంటి పిల్లాడమ్మా" అని మాత్రం అన్నాను. గ్రేస్ ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ పిల్ల పెళ్లి ముందురోజు ఏడుపుకి సగం కారణం నేనే, అది ఇంకా పోవడం లేదు నా మనసులోంచి.

మంచుకి పదునెక్కిన ఆకు

పెళ్లి రోజు తెల్లవారేసరికి అక్క మంచం ఖాళీగా ఉంది. చెప్పులు వేసుకునే తీరిక కూడా లేకుండా పరుగెత్తాను. గడ్డి మీద మంచు. కొట్టం తలుపు తీసి ఉంది.

అక్క లోపలే ఉంది. మధ్యలో గడ్డిమోపు మీద కూర్చుంది. ఒక పక్క గ్రేస్, ఇంకో పక్క ఎడ్నా. రాత్రి గ్రేస్ ఏడ్చిందని తెలిసి అక్కే ఇద్దర్నీ లేపి తీసుకొచ్చిందట. నాలుగో అయిదో కర్రలు దించి ఒళ్లో పెట్టుకున్నారు. ఎండిన ఆకు మామూలుగా ముట్టుకుంటే పొడి అవుతుంది. పొద్దుటి మంచుకి పదునెక్కి మెత్తబడుతుంది, అప్పుడే చెయ్యి పెట్టాలి. అక్కకి అది గుర్తుంది. గ్రేస్ కట్టిన ముళ్లు విప్పి, మళ్లీ బిగించి కడుతోంది. ఆ చిక్కిపోయిన వేళ్లు ఎంత వేగంగా కదులుతున్నాయో! నాకు అమ్మ మొహం గుర్తులేదు. ఆ వేళ్లు మాత్రం గుర్తొచ్చాయి. తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాను.

గ్రేస్ కూడా ఏడుస్తోంది. అక్క అప్పటికే చెప్పేసింది. చివరి మాటలు విన్నాను: "జరం కాదమ్మా. నీకు అబద్ధం చెప్పా. వదులుగా కట్టింది నేనే."

"అమ్మా, యూ వర్ ఫిఫ్టీన్. చిన్నపిల్లవి."

"పదిహేనంటే చిన్నదా? నీకు పదిహేనప్పుడు నువ్వు నన్ను బండి తోలనియ్యమని సంపేదానివి."

ఎడ్నాకి మాటలు అర్థం కాలేదు. గ్రేస్ ముక్కు తుడుచుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. ఎడ్నా చేతిలో పురికొస వదలకుండానే అడిగింది, ఆ రోజు ఎంతమంది కట్టారని.

"పన్నెండు మంది" అంది అక్క.

"పన్నెండు మంది కట్టారు. నిప్పంతా నువ్వొక్కదానివే మూటగట్టుకున్నావా, తల్లీ?"

అక్కకు ఇంగ్లీషు వచ్చినా, గ్రేస్ ఆ మాటని మళ్లీ తనకొచ్చిన తెలుగులో చెప్పింది. మెత్తబడుతుందేమోనని నేను చూశాను. అక్క మెత్తబడలేదు. ముడి బిగిస్తూ, "ఆమెకేం తెలుసు, అక్కడ ఉందా?" అంది విసుగ్గా. ఎడ్నాకి ఆ మాట ఎవరూ అనువదించలేదు, కానీ అర్థమైనట్టే ఉంది. ఇంకో కర్ర అందించింది.

గ్రేస్ లేచి నిచ్చెన వేసింది. ఒక్కో లాంతరూ తనే దించింది. నన్ను పట్టుకోమంది. పెళ్లికూతురు రాత్రి దుస్తుల మీదే, జడ ఊడి, మసి చేతులతో పద్దెనిమిది లాంతర్లు దించింది. చివరిది నా చేతికిస్తూ, "నిన్న నువ్వు చెప్పాల్సింది, మామయ్యా" అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. టామ్, వాళ్ల నాన్న కలిసి పదిగంటలకల్లా కరెంటు బల్బులు వేలాడదీశారు. ఎందుకని వాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పెద్దాయనకి ఇక్కణ్నుంచే దండం పెడుతున్నాను.

పెళ్లి

మనవాళ్లకి తెలియాల్సిన సంగతులు కొన్ని. ఇక్కడ పెళ్లికి ముహూర్తం అక్కర్లేదు కానీ టైమంటే టైమే. రెండున్నర అంటే రెండున్నరకి ఫిడేలు మోగింది. పౌరోహిత్యం చేసిన బాప్టిస్టు పాస్టరు పది నిమిషాల్లో ప్రసంగం ముగించాడు. మన పాస్టర్లకి ఎవరైనా చెబితే బాగుండు. భోజనం ఆరుబయట: గుంటలో కాల్చిన పంది, చిన్న రొట్టెల మధ్య ఉప్పుమాంసం, ఊరబెట్టిన పీచ్ పళ్లు, పానకమంత తియ్యగా చల్లటి టీ. పప్పు లేదు, పెరుగు లేదు. పిల్లని అప్పగించేటప్పుడు ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు, అందరూ చప్పట్లు కొట్టారు. నాకదే కష్టంగా అనిపించింది. ఏడవడానికి ఒక చోటు ఉండాలి కదా పెళ్లిలో.

గ్రేస్ తెల్ల గౌను మీద అక్క తెచ్చిన తెల్ల పట్టు చీరని కొంగులా కప్పుకుంది. నా చెయ్యి పట్టుకుని నడిచింది. అక్క ముందు వరసలో కూర్చుంది. నా ప్రామిస్ నిలబడింది, అందులో నా గొప్పేమీ లేదు.

ఉంగరాలయ్యాక టామ్ సిలువ బిళ్ల ఉన్న తాళి కట్టాడు. పక్షం రోజులుగా పురికొసతో సాధన చేశాడట, ఎడ్నా దగ్గర. మూడు ముళ్లూ అయ్యాక అక్క లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా, కూతురి మెడ వెనక ముడి వేలితో లాగి చూసింది. ఊడలేదు. "బాగానే కట్టాడు" అని వచ్చి కూర్చుంది. తెల్లవాళ్లు అదీ మన ఆచారమే అనుకున్నారు.

తర్వాత పాస్టరు ప్రార్థన చేశాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, అక్కనే చూస్తున్నాను. అప్పుడు పైనుంచి ఒక ఆకు రాలింది. చప్పుడు లేకుండా గాల్లో రెండుసార్లు తిరిగి, అక్క కాలి దగ్గర పడింది.

అక్క వంగి దాన్ని తీసుకుంది. కాడ దగ్గర వేలుపెట్టి చూసింది. తర్వాత తలెత్తి పైకి చూసింది. వాసాల మీద రెండు వందల కర్రలు, గ్రేస్ కట్టినవి, టామ్ కట్టినవి, పొద్దున తను కట్టినవి, ఎడ్నా కట్టినవి, అన్నీ ఒక్కలాగే. అక్క కళ్లు ఒక వరస చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చి, ఇంకో వరస పట్టుకున్నాయి. పాస్టరు ఆమేన్ అన్నాడు. అందరూ లేచారు. అక్క ఇంకా పైకే చూస్తూ ఉంది.

తిరుగు దారి

మర్నాడు బయల్దేరేటప్పుడు ఎడ్నా మాకు రెండు పౌండ్ కేకులు, ఒక సీసాడు పీచ్ పళ్లు కట్టి ఇచ్చింది. అక్క తన గోంగూర సీసా ఆవిడ చేతిలో పెట్టింది. గ్రేస్ కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. థ్యాంక్స్‌గివింగ్‌కి వస్తానంది, వచ్చింది. క్రిస్మస్‌కీ వచ్చింది. ఆఖరు వారాల్లో స్కూలుకి సెలవు పెట్టి అమ్మ పక్కనే ఉంది. అది నేను చెప్పాలి, ఎందుకంటే పిల్లలు అమెరికన్లైపోయారని మనం అనుకుంటూ ఉంటాం.

కొండలు ఎక్కేదాకా అక్క బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సొరంగం దాటి బయటి వెలుతుర్లోకి వచ్చాక, బైబిలు తెరిచి పేజీల మధ్య ఉన్న ఆ ఆకుని తీసి చూసుకుంది.

"ఎంతసేపు చూశానో, చిన్నోడా" అంది. "ఏ కర్రదో తెలియలా."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఏదైనా అంటే చెడగొడతానని భయం.

"ఎవరు కట్టిందో కూడా తెలియలేదురా" అంది మళ్లీ.

ఆకుని బైబిల్లో పెట్టి మూసింది. సీటు వెనక్కి వాల్చమని అడిగింది. వాల్చాను. ఒహాయో మొక్కజొన్న చేలు మొదలై, అయిపోయి, మిషిగన్ బోర్డు కనపడేదాకా అక్క నిద్రపోయింది.